ఇంట్లోని పాత బైబిలును కాపాడి, చదివి, పిల్లలకు అందించడం ఎలా

తాతయ్యగారో అమ్మమ్మగారో వాడిన బైబిలు చాలా క్రైస్తవ ఇళ్లలో బీరువా పై అరలో గుడ్డలో చుట్టి ఉంటుంది. ఏడాదికోసారి, వాళ్ల జ్ఞాపకార్థ కూడిక రోజున బయటికి తీస్తారు. ఆ కాగితం వాసనకే కళ్లు చెమరుస్తాయి. "ఆ రోజులే వేరు" అని ఎవరో ఒకరు అంటారు. మళ్లీ చుట్టి పైన పెట్టేస్తారు. ఇలా పదేళ్లు గడిచేసరికి చిమటలు సగం అట్ట తినేస్తాయి, చేతిరాతను గుర్తుపట్టగలిగిన ఆఖరి మనిషి కూడా వెళ్లిపోతారు.

పాత రోజుల మీద బెంగ తప్పేమీ కాదు. కానీ ప్రసంగి 7:10 చూడండి. ఇప్పటి దినాలకంటే మునుపటి దినాలు ఎందుకు మేలుగా ఉండేవని అడగడం జ్ఞానం కాదని అక్కడ సూటిగా ఉంటుంది. 77వ కీర్తన రాసిన ఆసాపు కూడా రాత్రంతా నిద్రపట్టక తొల్లిటి దినాలను తలుచుకున్నవాడే. అతడు అక్కడితో ఆగలేదు. ఆ దినాల్లో దేవుడు ఏం చేశాడో ఒక్కొక్కటే తవ్వి తీసుకున్నాడు. పాత బైబిలుతో మీరు చేయాల్సింది కూడా అదే. గడిచిన రోజులు తిరిగి రావు. ఆ రోజుల్లో మీ పెద్దవాళ్లు ఎవరి మీద ఆనుకున్నారో ఆయన మాత్రం మారలేదు, ఆయన మీద ఎలా ఆనుకున్నారో ఆ పేజీల్లోనే రాసి ఉంది. దాన్ని చదవగలిగే స్థితికి తేవడానికి రెండు మూడు నెలల ఆదివారం మధ్యాహ్నాలు సరిపోతాయి.

తెరిచే ముందు

చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరబెట్టుకోండి. తలకు రాసిన కొబ్బరినూనె, చేతికి రాసిన క్రీము ఉంటే ముందే తుడుచుకోండి. నూనె మరక కాగితంలోకి ఇంకితే ఇక పోదు. తెల్ల గ్లవ్సులు అక్కర్లేదు. వాటితో పల్చటి బైబిలు కాగితం పట్టు దొరక్క చిరుగుతుంది.

బల్ల మీద శుభ్రమైన నూలు గుడ్డ పరచండి. రెండు తువ్వాళ్లు చుట్టచుట్టి చెరోవైపు పెట్టి, వాటి మధ్య పుస్తకం ఆనేలా ఉంచండి. పాత బైబిలును ఎప్పుడూ బల్లకు ఆనేలా పూర్తిగా చాపకూడదు. కుట్టు దగ్గర జిగురు ఎండి పెళుసుబారి ఉంటుంది కాబట్టి, బలంగా చాపితే వెన్ను మధ్యలో పగిలి ఆదికాండం ఒక ముక్క, ప్రవక్తలు ఒక ముక్కగా విడిపోతుంది. అట్టలు రెండూ కొంచెం వాలుగా, తువ్వాళ్ల మీద ఆగేంత మేరకే తెరవాలి.

ఇప్పుడు మూడు విషయాలు చూడండి. బూజు ఉందా, పురుగు ఉందా, పేజీలు వేళ్లకు పొడిగా రాలుతున్నాయా?

బూజు ఉంటే, అంటే నల్లటి, పచ్చటి చుక్కలు, తడి మట్టి లాంటి వాసన ఉంటే, ఇంట్లో దులపకండి. మాస్కు కట్టుకుని వరండాలో, నీడలో, గాలి ఆడే చోట మెత్తటి పెయింటు బ్రష్షుతో వెన్ను వైపు నుంచి అంచు వైపుకు తుడవండి. తడి గుడ్డ వద్దు. ఎండలో పెట్టడం మనవాళ్లకు బాగా అలవాటు. ఎండకు బూజు ఆగుతుంది కానీ కాగితం పసుపెక్కి విరుగుతుంది, సిరా వెలిసిపోతుంది. నీడలో, ఫ్యాను గాలికి రెండు రోజులు ఉంచడం మేలు.

పురుగు ఉంటే, అంటే పేజీల మధ్య సన్నటి పొడి, గుండ్రటి చిన్న రంధ్రాలు, అంచులు గీకినట్టు ఉంటే, ఫ్రీజరే అన్నిటికన్నా క్షేమమైన మందు. బైబిలును పల్చటి కాగితంలో చుట్టి, జిప్ కవరులో పెట్టి, గాలి వీలైనంత తీసేసి మూయండి. ఆ కవరును ఇంకో కవరులో పెట్టండి. మైనస్ 18 డిగ్రీలకు వెళ్లే ఫ్రీజరులో రెండు మూడు వారాలు ఉంచండి. తీశాక కవరు విప్పకుండా ఒక పూర్తి రోజు బయట ఉంచాలి. వెంటనే విప్పితే చల్లటి కాగితం మీద గాలిలోని తేమ నీళ్లై పడుతుంది, పురుగు పోయి తడి వస్తుంది. బూజు, తడి ఉన్న పుస్తకాన్ని మాత్రం ముందు ఆరబెట్టాకే ఫ్రీజరులో పెట్టండి.

కలరా ఉండలు పేజీల మధ్య పెట్టకండి. ఆ ఆవిరి ఊపిరికి మంచిది కాదు, పిల్లలు తరచుగా తెరవాల్సిన పుస్తకానికి అసలే వద్దు. వేపాకు పేజీల మధ్య పెడితే మరక పడుతుంది. పెట్టాలనిపిస్తే బాగా ఎండిన ఆకును చిన్న గుడ్డ సంచిలో కట్టి పెట్టె మూలన ఉంచండి, దాని మీదే ఆధారపడకండి.

బాగుచేయడంలో చేయకూడనివి

సెల్లోటేపు వేయకండి. మంచి ఉద్దేశంతో పాత బైబిళ్లను పాడుచేసినవాటిలో మొదటిది అదే. కొన్నేళ్లకు టేపు ఊడిపోతుంది, జిగురు మాత్రం కాగితంలో గోధుమరంగు చారగా మిగిలి అక్కడి అక్షరాలను మింగేస్తుంది. ఇప్పటికే వేసి ఉంటే లాగకండి, అలాగే వదిలేయండి. లామినేషను చేయిస్తే ఇక వెనక్కి తీయలేం. రబ్బరు బ్యాండు కరిగి అట్టకు అంటుకుంటుంది. గుండుసూది, స్టేపులు తుప్పుపట్టి చుట్టూ కాగితాన్ని తినేస్తాయి. వాటిని జాగ్రత్తగా తీసేయండి.

చిరిగిన పేజీని అతికించకుండా, తెల్లటి పల్చటి కాగితం మడతలో పెట్టి దాని స్థానంలోనే ఉంచితే చాలు. తప్పనిసరిగా అతకాలంటే గోధుమ పిండి గంజి, పల్చటి జపాన్ కాగితం వాడతారు. అది అనుభవం ఉన్న బైండరు చేయాల్సిన పని. కొత్త అట్ట వేయించేటప్పుడు బైండరుకు ఒక మాట గట్టిగా చెప్పండి: అంచులు కోయొద్దు, మొదటి ఖాళీ పేజీలు పారేయొద్దు. మామూలుగా అంచులు సమం చేయడానికి కోసేస్తారు. మార్జిన్లలో రాసుకున్న తేదీలు, పేర్లు ఆ ముక్కలతో పాటే చెత్తబుట్టలో పడతాయి. ఆ ఖాళీ పేజీల మీదే సాధారణంగా పుట్టినరోజులు, బాప్తిస్మం తేదీలు రాసి ఉంటాయి.

దాచేది పడుకోబెట్టి, గంజి పెట్టకుండా ఉతికిన నూలు గుడ్డలో, అట్టపెట్టెలో. బీరువా బయటి గోడకు ఆనుకుని ఉంటే ఆ అర వద్దు, కింది అర అసలే వద్దు. కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర ప్రాంతాల్లో వానాకాలంలో నెలకోసారి తీసి, ఫ్యాను కింద గంటసేపు ఉంచి, మళ్లీ పెట్టండి.

ఫోటోలు తీయడం

కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడు మధ్య తీయండి. ఫ్లాష్ వద్దు. ఫోను పేజీకి సమాంతరంగా ఉండాలి. ముందు అట్ట, తర్వాత ముద్రణ సంవత్సరం ఉన్న పేజీ, ఆ తర్వాత రాత ఉన్న ప్రతి పేజీ. బైబిలు మొత్తం తీయనక్కర్లేదు, వచనాలు ఎక్కడైనా దొరుకుతాయి. చేతిరాత దొరకదు.

పెన్సిలు రాత వెలిసిపోయి ఉంటే గది చీకటి చేసి, ఇంకొకరి ఫోను టార్చి పేజీకి పక్కగా, కాగితానికి దాదాపు ఆనేంత కిందనుంచి వేయించండి. పెన్సిలు నొక్కిన గుంటలు నీడగా లేచి కనిపిస్తాయి. పేజీల మధ్య దొరికిన కాగితాలను, అంటే వాగ్దాన కార్డు, సండే స్కూలు బహుమతి చీటీ, ఎండిన పువ్వు, మనియార్డరు రసీదు లాంటివాటిని ఏ పేజీలో దొరికాయో ఆ పేజీతో కలిపే ఫోటో తీయండి. అవి అక్కడ ఎందుకున్నాయో ఆ పేజీయే చెప్పవచ్చు. తీసేశాక ఆ సంగతి ఇక తెలియదు.

ఫైళ్లకు వరస సంఖ్య, గ్రంథం, అధ్యాయం పేరుగా పెట్టండి: "014 యెషయా 41". మూడు కాపీలు, కనీసం రెండు వేర్వేరు ఇళ్లలో. ఒక్క పెన్ డ్రైవును నమ్ముకోవద్దు. వాట్సాప్‌లో పంపితే ఫోటో కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపండి.

గీతలు చదవడం

ఇది ఈ పనికంతటికీ గుండెకాయ. తొందరపడకండి.

ఒక నోటుబుక్కులో ఐదు గళ్లు గీయండి: వచనం, గీత రకం, రంగు, పక్కన రాసింది, తేదీ. ఆదికాండం నుంచి ప్రకటన దాకా ఒక్కో పేజీ తిప్పుతూ నింపండి. బాగా వాడిన బైబిలైతే గీసిన వచనాలు కొన్ని వందలుంటాయి. రోజుకు అరగంట చొప్పున నెలరోజులు పట్టవచ్చు. బైబిలు మీద మాత్రం మీరు ఏమీ రాయకండి, పెన్సిలుతో కూడా.

నిండిన పట్టికను ఇలా చదవాలి.

తేదీ ఉన్న ప్రతి వచనానికి ఆ రోజు ఏ వారమో ఫోను క్యాలెండరులో చూడండి. ఆదివారమైతే అది బహుశా ఆనాటి ప్రసంగ వాక్యం. డిసెంబరు 31 లేదా జనవరి 1 అయితే వాచ్ నైట్ సర్వీసులో తీసుకున్న వాగ్దాన వచనం అయ్యుండాలి. అవి వరసగా దొరికితే ఆ మనిషి ఒక్కో ఏడాదిలోకి ఏ మాట పట్టుకుని అడుగుపెట్టారో మీ ముందుంటుంది. ఇక మంగళవారమో శుక్రవారమో, ఏ కూడికకూ చెందని తేదీలు మిగులుతాయి. వాటి దగ్గర ఆగండి. ఇంట్లో జరిగిన సంగతుల తేదీలతో పోల్చండి: పుట్టుకలు, చావులు, ఆపరేషన్లు, ఉద్యోగం పోయిన నెల, పంట మునిగిన తుపాను. యెషయా 41:10లో "నీకు తోడైయున్నాను భయపడకుము" అన్న మాట కింద రెండు గీతలు, పక్కన ఒక తేదీ మాత్రమే ఉండి, ఆ తేదీ ఇంట్లో బిడ్డను ఆసుపత్రిలో చేర్చిన రోజని తేలిందనుకోండి. అక్కడ రాయని ప్రార్థన ఏమిటో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఒక చిక్కు ముందే చెప్పాలి. "కీ. 45" అని రాసి ఉంటే అది దావీదు కీర్తనల గ్రంథంలోని అధ్యాయం కావచ్చు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోని పాట సంఖ్యా కావచ్చు. రెండూ తీసి చూడండి. పాట సంఖ్య మీ దగ్గరున్న పుస్తకంతో సరిపోకపోతే పాత ముద్రణ దొరికే దాకా ఆ గడి ఖాళీగా ఉంచండి, ఊహించి నింపొద్దు. మరో సంగతి, రంగులకు అర్థాలు అల్లకండి. ఎర్ర సిరా అంటే దుఃఖమనుకుంటాం. చేతికి ఆ పెన్నే దొరికి ఉండొచ్చు. ఒకే బైబిలును ఇద్దరు వాడి ఉంటే చేతిరాత తేడా చూడండి. పాత ఉత్తరాలు, రేషను కార్డు, పెన్షను పుస్తకం మీది సంతకాలు పోలికకు పనికొస్తాయి.

గీతలు లేని చోట్లు కూడా చూడండి. గీత లేకపోయినా పేజీ అంచు వేలి మురికితో నల్లబడి ఉంటే అక్కడే ఎక్కువసార్లు తెరిచారన్నమాట. చాలా ఇళ్లలో 23, 91, 121 కీర్తనల దగ్గర అది కనిపిస్తుంది. చదువురాని నాయనమ్మ బైబిలైతే గీతలుండవు. ఎవరో చదివి వినిపించిన పేజీలే అలా నలిగి ఉంటాయి.

పట్టిక పూర్తయ్యాక మీ రోజువారీ బైబిలు తీసుకుని, అందులో ఆ వచనాలను రోజుకొకటి చొప్పున, ముందూ వెనకా పది వచనాలతో కలిపి చదవండి. పాత పుస్తకాన్ని ముట్టుకుని కళ్లకద్దుకోవడంతో సరిపెట్టుకుంటే అది ఇంట్లో ఒక వస్తువుగానే మిగిలిపోతుంది. మీ పెద్దలు దాన్ని అందుకు కొనుక్కోలేదు.

పెద్దవాళ్ల గొంతు రికార్డు చేయడం

ఇంట్లో ఎనభై దాటినవాళ్లుంటే బైబిలు పని పక్కన పెట్టి ముందు ఇది చేయండి. పుస్తకం ఆగుతుంది.

ఫలహారం అయ్యాక, ఉదయం పూట, ముప్పై నలభై నిమిషాలకు మించకుండా కూర్చోండి. ఫ్యాను ఆపండి. ఫ్యాను చప్పుడు వినడానికి చిన్నదే, రికార్డింగులో గొంతును కప్పేస్తుంది. ఫోను ఏరోప్లేన్ మోడులో పెట్టి, మడిచిన తువ్వాలు మీద, వాళ్ల నోటికి అడుగున్నర దూరంలో ఉంచండి. మొదట మీరే తేదీ, ఊరు, వాళ్ల పేరు చెప్పండి. రికార్డు చేస్తున్నామని ముందుగా చెప్పి, సరేనన్నాకే మొదలుపెట్టండి. స్టేటస్‌లో పెట్టాలంటే దానికి వేరుగా అడగాలి.

పాటతో మొదలుపెట్టండి. పేర్లు, తేదీలు మరిచిపోతున్నవాళ్లకు కూడా చిన్ననాటి కీర్తనలు చరణాలతో సహా గుర్తుండటం తరచుగా చూస్తాం. పాత కీర్తనల పుస్తకంలో ప్రతి కీర్తన మీదా రాగం, తాళం ముద్రించి ఉంటాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌధరిగారు, ఆ తర్వాతి కవులు వాటిని అలాగే కట్టారు. కానీ ఊళ్లో పాడిన వరస పుస్తకంలోని రాగానికి దూరంగా ఉండొచ్చు. గుంటూరు లూథరన్ గుళ్లో ఒకలా, మెదక్ వైపు ఇంకోలా. సరిదిద్దకండి. మొదటిసారి మీరు గొంతు కలపకండి కూడా, ఒక్కరి గొంతే ఉండనివ్వండి. రెండోసారి అందరూ కలిసి పాడండి, అదీ రికార్డు చేయండి.

తర్వాత ప్రశ్నలు. "మీ రోజుల్లో ఎలా ఉండేదమ్మమ్మా?" అని అడిగితే "బాగుండేది నాన్నా, ఇప్పట్లా కాదు" అన్న ఒక్క జవాబే వస్తుంది. చిన్నవి అడగండి. సాయంత్రం ప్రార్థన ఏ గదిలో? చాప మీదా, మంచం మీదా? దీపం ఎవరు వెలిగించేవారు? మొదట ఏ కీర్తన ఎత్తుకునేవారు? ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిల్ ఉమన్ వచ్చేవారా, ఆమె పేరేమిటి? క్రిస్మస్‌కు కొత్త బట్టలు ఎన్నేళ్లకోసారి? వీటికి జవాబు చెప్పేటప్పుడు మనిషి నిజంగా ఆ ఇంట్లోకి వెళ్తారు.

కష్టాలు కూడా అడగాలి. మునుపటి రోజులన్నీ బంగారమనే మాట మన సంఘాల్లో చాలా కుటుంబాలకు నిజం కాదు. తెలుగునాట మిషన్ల కాలంలో విశ్వాసంలోకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెలవాళ్లు. ఊరి బావి దగ్గర నీళ్లు తోడుకోనివ్వని రోజులవి. బడిలో పలక పట్టనివ్వని రోజులు, 1876–78 నాటి మహా కరువు రోజులు అవే. ఆ కరువు పనులు సాగినంత కాలం ఒంగోలు మిషన్ బాప్తిస్మాలు ఆపి ఉంచింది. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా ఇచ్చారు. అలాంటి రోజులు తిరిగి రావాలని ఎవరూ కోరుకోరు, ఆ రోజుల్లో దొరికిన విశ్వాసమే కావాలి. ఈ తేడా పిల్లలకు తెలియాలంటే అవమానం, ఆకలి కూడా రికార్డులో ఉండాలి. కాకపోతే బలవంతం వద్దు. "చెప్పాలనిపిస్తేనే చెప్పండి తాతయ్యా" అని వదిలేయండి. చాలాసార్లు రెండో రోజు వాళ్లే ఎత్తుతారు.

ఆఖరున ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "దేవుడు వినలేదనిపించిన రోజు ఉందా? అప్పుడేం చేశారు?" జవాబు రావడానికి సమయం పట్టవచ్చు. ఆ మౌనాన్ని మాటలతో నింపకండి.

పాత సంగతులు తవ్వినకొద్దీ వాళ్లు నిద్ర, తిండి మానేస్తుంటే ఆపండి. రెండు వారాలు దాటినా అలాగే ఉంటే ప్రార్థనతో పాటు డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లండి.

సంఘ రిజిస్టర్లలో వెతకడం

బైబిల్లో దొరకని తేదీలు గుడి రిజిస్టర్లలో దొరకవచ్చు. ముందు మీ పెద్దల ఊరు ఏ మిషన్ కిందుండేదో తెలుసుకోండి. గుంటూరు, పల్నాడు వైపు లూథరన్లు. వాళ్ల సంఘం 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చిగా ఏర్పడింది. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులు. కాకినాడ నుంచి ఉత్తరానికి కెనడియన్ బాప్టిస్టులు. మచిలీపట్నం, దోర్నకల్ ఆంగ్లికన్లు, మెదక్ మెథడిస్టులు, కడప లండన్ మిషన్. ఈ మూడూ 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో (సీఎస్‌ఐ) కలిశాయి. అందుకే అంతకుముందు రిజిస్టర్ల మీద పాత మిషన్ పేరే ఉంటుంది.

పాస్టరుగారిని ఆదివారం గుడి అయ్యాక అడగొద్దు, ఆ రోజు ఆయనకు తీరిక ఉండదు. ఫోన్ చేసి వారం మధ్యలో వెళ్లండి. ఊరు, తండ్రి పేరు, సుమారు సంవత్సరం కాగితం మీద రాసుకుపోండి. బాప్తిస్మంలో పెట్టిన పేరు, ఇంట్లో పిలిచే పేరు వేరుగా ఉండటం మామూలే. ఇంటిపేరు అసలు రాయకపోవచ్చు. తండ్రి పేరు, ఊరు పట్టుకుని వెతకండి.

లూథరన్, సీఎస్‌ఐ రిజిస్టరులో బాప్తిస్మం తేదీ పుట్టిన తేదీకి దగ్గరగా ఉండొచ్చు. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, ఆ తేదీని బట్టి వయసు లెక్క కట్టకండి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లయితే రిజిస్టరులో వయసు, వృత్తి, ఊరు, తండ్రుల పేర్లు, సాక్షుల సంతకాలు ఉంటాయి. సాక్షి సంతకం చోట వేలిముద్ర ఉంటే దాన్నీ ఫోటో తీయడానికి అనుమతి అడగండి.

సమాధుల మీది రాతలు చదవాలంటే ఉదయాన్నే, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళ్లండి. నీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు. యాసిడ్, ఇనుప బ్రష్షు వాడితే రాత అరిగిపోతుంది. నవంబరు 2న సమాధుల పండుగకు ఎలాగూ శుభ్రం చేస్తారు కాబట్టి సున్నం వేయకముందే ఫోటో తీయండి.

మీ దినాలు లెక్కించుకోవడం

"మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము" అని 90వ కీర్తన 12వ వచనం. మోషే ప్రార్థన అది. మనిషి ఆయుష్షు డెబ్బై, బలముంటే ఎనభై అని రెండు వచనాల ముందే చెప్పి, అప్పుడు అడుగుతాడు. దీన్ని కాగితం మీద పెట్టండి.

నోటుబుక్కులో ఎనిమిది వరసలు గీయండి, వరసకు పదేళ్లు. ఒక్కో వరసలో మూడు గళ్లు: ఏం జరిగింది, ఏం పోయింది, ఏం నిలిచింది. మీ వయసు వరకు నింపి మిగతావి ఖాళీగా వదలండి. ఆ ఖాళీ గళ్లను కాసేపు చూడండి, వాటి పక్కన లెక్కలు వేయకండి.

ఇక్కడ అందరూ పొరపడేది మూడో గడిలో. ప్రతి వరసలోనూ "దేవుని కృప" అని రాసేస్తారు. నిజమే, కానీ అలా రాస్తే చదివిన పిల్లలకు ఏమీ అందదు. ఆ కృప ఎవరి చేతుల మీదుగా, ఏ రూపంలో వచ్చిందో రాయండి. "నాన్న పోయిన ఏడు నెలలకు సంఘంలో ఒకరు ఫీజు కట్టారు." "పదేళ్లు మాట్లాడని అన్నయ్య ఈస్టరు రోజు గుమ్మంలోకి వచ్చాడు." అలా రాయలేకపోతే ఖాళీగా ఉంచండి. రెండో గడి నిండి మూడోది ఖాళీగా ఉన్న దశాబ్దం దాదాపు ప్రతి ఒక్కరికీ ఉంటుంది. దాన్ని ప్రార్థనలో దేవునికి అలాగే చూపించండి. ఆసాపూ అలాగే చూపించాడు, కృప చూపడం ఆయన మరిచిపోయాడా అని అడిగాడు. ఆ ప్రశ్న బైబిల్లోనే ఉంది కాబట్టి మీరు అడగడానికి భయపడనక్కర్లేదు.

కుటుంబ ప్రార్థనలో పెట్టడం

నెలకు ఒక సాయంత్రం చాలు, నలభై నిమిషాలు. కీర్తన ఒకటి, రికార్డు చేసిన వరసలోనే. పట్టికలోంచి ఒక వచనం, దాని తేదీ, ఆ తేదీ వెనక సంగతి. చూపించే వస్తువు ఒక్కటే: ఒక వాగ్దాన కార్డో, ఒక ఫోటోనో. నాలుగైదు పెడితే అది ప్రదర్శన అవుతుంది, పిల్లలు ఫోన్లు తీస్తారు. తర్వాత ఇప్పటి సంగతులకు ప్రార్థన: పరీక్ష, అప్పు, జ్వరం. ఈ చివరిది వదలకండి. వదిలితే దేవుడు తాతయ్య కాలంలో మాత్రమే పనిచేశాడని పిల్లలు అర్థం చేసుకుంటారు. యేసుక్రీస్తు నిన్న, నేడు ఒక్కటేరీతిగా ఉన్నాడని హెబ్రీ పత్రిక 13:8 చెప్పేది "నేడు"తో కలిపి.

యెహోషువ 4వ అధ్యాయంలో యొర్దానులోంచి తెచ్చి నిలబెట్టిన 12 రాళ్ల సంగతి గుర్తుంది కదా. ముందు పిల్లలు "ఈ రాళ్లెందుకు?" అని అడగాలి, పెద్దలు అప్పుడు చెప్పాలి. ఆ వరస మార్చకండి. వస్తువును బల్ల మీద పెట్టి ఊరుకోండి, వాళ్లు అడిగే దాకా ఆగండి. అడగకపోతే ఆ నెలకు వదిలేసి కీర్తన పాడి ముగించండి.

డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పెరుగుతున్న మనవలకు తెలుగు లిపి రాకపోతే వచనాన్ని వాళ్లు చదివే భాషలో చదవనివ్వండి. కీర్తన మాత్రం తెలుగులోనే, చెవితో నేర్పండి. పల్లవి, ఒక చరణం మూడు నెలల్లో వచ్చేస్తాయి. వీడియో కాల్‌లో అందరూ ఒకేసారి పాడితే గొంతులు ముందూవెనకా అవుతాయి, ఒక ఇల్లు పాడితే మిగతావాళ్లు మైకు ఆపి పాడాలి.

ఎవరికివ్వాలి

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్య బైబిలు కోసం మాటపట్టింపు వచ్చిన ఇళ్లు ఉన్నాయి. పెద్దవాళ్లు బతికుండగానే అడిగి, వాళ్ల మాటలోనే ఒక చీటీ మీద పెన్సిలుతో రాయించి మొదటి పేజీలో పెట్టండి. ఫోటోలు, రికార్డింగులు, పట్టిక నకలు ముందే అందరికీ ఇచ్చేస్తే గొడవ చాలావరకు తగ్గుతుంది. పుస్తకం పెద్దకొడుక్కే వెళ్లాలన్న నియమం ఎక్కడా లేదు. కుటుంబ ప్రార్థన ఎవరింట్లో జరుగుతోందో వాళ్లకివ్వడం సబబు. వాళ్లు అందులో రాయకూడదు కానీ తమ బైబిల్లో తమ తేదీలు రాసుకోవాలి. పెన్ను గీస్తే వెనక పేజీకి దిగుతుందేమో చివరి ఖాళీ పేజీలో ముందుగా చూసుకుని, పల్చటి కాగితానికి హెచ్‌బీ పెన్సిలు వాడితే సరిపోతుంది. వచనం పక్కన తేదీతో పాటు ఒక ముక్క కారణం కూడా రాయమనండి: "అమ్మ ఆపరేషను", "ఇల్లు మారాం", "జవాబు రాలేదు, ఇంకా అడుగుతున్నాం".